పడినవాళ్ళ పువ్వు

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

ఈసారి ముందు పని, తర్వాత కబుర్లు. మన కొట్లోంచి ఆర్నికా గుళికలు ఒక సీసా, ఆర్నికా ఆయింట్‌మెంట్ ఒక డబ్బా వెంటనే పోస్టులో పంపు. మణికట్టు దగ్గర కమిలింది. గుడ్డలు కత్తిరించే బల్ల అంచు తగిలింది, అంతే. నువ్వు కళ్ళజోడు సర్దుకుని నాన్నలాగా ప్రశ్నలు మొదలుపెట్టకు. దెబ్బ తగిలింది, మందు కావాలి, నువ్వు హోమియో మందులు అమ్ముతావు. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది?

ఇక కబుర్లు. నాటకశాల వాళ్ళు కొత్త నాటకం మొదలుపెట్టారు. రాణి వేషానికి గౌను నన్నే కుట్టమన్నారు. ఆ వేషం వేసే అమ్మాయి ఒక వారం లావవుతుంది, మరో వారం సన్నబడుతుంది. నాకు కుట్టడం కంటే విప్పడమే ఎక్కువైంది. మీ బావ పని సంగతి నీకు తెలిసిందే. వేదిక పైన ఇనప కడ్డీలకు దీపాలు బిగించాలి, ఏ వెలుగు ఎవరి ముఖం మీద పడాలో చూడాలి. ఈ నాటకంలో వెన్నెల కావాలట. పొద్దస్తమానం నిచ్చెన మీదే ఉంటారు. "మీ రాణిగారి ముక్కు నీడ గడ్డం మీద పడుతోంది. గౌను సంగతి సరే, ముక్కు ఎవరు సరిచేస్తారు?" అని నన్నడుగుతారు, ఆ ముక్కు నేనే కుట్టినట్టు.

నీ పోయిన ఉత్తరానికి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నీకు ఆయన పెట్టిన పేరుంది కదా, ఆ గుళికల డాక్టరు రాత చూస్తే కోడి కాళ్ళకు సిరా పూసి వదిలినట్టుందని మీ బావ అన్నారు. ఆయనకు అర్థమవుతుందిలే, అలవాటైపోయింది.

మందు మర్చిపోకు. వేళకు తిను.

నీ అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం చదివితే ఆఫీసు నుంచి వచ్చిన ఆర్డరులా ఉంది, కింద రబ్బరు స్టాంపు ఒక్కటే తక్కువ. మందు ఈ పార్శిల్లోనే పెట్టాను. నాన్న ఉండి ఉంటే పంపేవారు కాదు. ప్రశ్నలకు జవాబు రాకుండా ఆయన బల్ల మీద నుంచి సీసా కదిలేది కాదు కదా. జలుబని వచ్చినవాణ్ణి కూడా ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, వాన రాబోయే ముందు చిరాకు పడతావా అని అడిగి అడిగి, వాడు జలుబు సంగతి మర్చిపోయేదాకా వదిలేవారు కాదు. నీకోసం ఆ నియమం తప్పాను. అలాగని ప్రశ్నలు వదలను. మందు వేసుకుంటూ తీరిగ్గా జవాబులు రాయి.

దెబ్బ తగిలిన చోట ఎవరినైనా చెయ్యి వెయ్యనిస్తున్నావా? పడుకుంటే పరుపు రాయిలా అనిపిస్తోందా? ఎలా ఉంది అని అడిగితే ఏమంటున్నావు? ఈ చివరిదే అసలుది. ఆర్నికా మనిషికి గుర్తు అదేనని పుస్తకాల్లో రాస్తారు. ఒళ్ళు హూనమై ఉంటుంది, అయినా నాకేం లేదు, మీరు వెళ్ళండి అంటాడట. మన ఇంట్లో అందరూ ఆర్నికా మనుషులేనని నాన్న అమ్మ మీద విసుక్కోవడం నీకు గుర్తుండే ఉంటుంది.

మొక్క గురించి చెప్పకపోతే నాకు తిన్నది అరగదు, కాబట్టి విను. చలి కొండల మీద పచ్చిక బయళ్ళలో పెరుగుతుంది. పసుపుపచ్చ పువ్వు, పొద్దుతిరుగుడు పువ్వుకి చిన్న చెల్లెలిలా ఉంటుంది. హోమియో పుట్టకముందు నుంచే అక్కడ పశువులు కాసేవాళ్ళు, కొండలెక్కేవాళ్ళు ఆ పూలను సారాలో నానబెట్టి ఉంచుకునేవారట. పడి దెబ్బలు తగిలితే, కాలు బెణికితే, ఒళ్ళు పట్టేస్తే దాన్నే రుద్దుకునేవారు. ఆకులు ఎండబెట్టి పొగాకు బదులు కాల్చినవాళ్ళూ ఉన్నారు. అందుకే నాన్న దాన్ని పడినవాళ్ళ పువ్వు అనేవారు. పచ్చి మొక్క మాత్రం విషం, నోట్లో పెట్టకూడదు. గుళికల్లో దాన్ని పలచన చేసి చేసి చివరికి పేరు తప్ప ఏమీ మిగల్చరని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను వాదనకు దిగను. కమిలింది మందు వల్ల తగ్గిందో, ఎలాగూ తగ్గేదే కాబట్టి తగ్గిందో నాన్న కూడా తేల్చి చెప్పలేదు. ఆయింట్‌మెంట్ చర్మం చిట్లిన చోట రాయకు. గుళికలు వేసుకున్నాక కాసేపు కాఫీ జోలికి పోకు.

ఇక్కడ నా బాధ వేరే. కొట్లో పై అర దగ్గరి దీపం పాడైంది. నిచ్చెన రెండు మెట్లెక్కితే నాకు కాళ్ళు వణుకుతాయని నీకు తెలుసు. టార్చి నోట్లో పెట్టుకుని సీసాలు వెతుకుతున్నాను. బావ ఇక్కడ ఉంటే ఎంత బాగుండేదో.

జవాబుల కోసం చూస్తూ,
నీ తమ్ముడు


మార్చి 1

తమ్ముడూ,

టార్చి నోట్లో పెట్టుకున్నావా? ఎవరో దగ్గు మందు అడిగితే నిద్ర మందు ఇచ్చి పంపుతావు, వాళ్ళు దగ్గుతూనే నిద్రపోతారు. ఎవరినైనా పిలిచి దీపం బాగు చేయించుకో.

కాఫీ జోలికి పోవద్దన్న మాట దగ్గర మీ బావ నవ్వలేదు. కాఫీ మానమనే వైద్యం వైద్యమే కాదన్నారు.

నీ ప్రశ్నలకు జవాబులు. చెయ్యి వెయ్యనివ్వడం లేదు, దగ్గరికి వస్తుంటేనే వెనక్కి జరగాలనిపిస్తుంది. పరుపు రాయిలానే ఉంది, రాత్రంతా అటూ ఇటూ దొర్లడమే. ఎలా ఉందంటే నాకేం లేదు అన్నదే జవాబు. అంటే మందు సరిగ్గా సరిపోయిందన్నమాట. సంతోషమేనా?

మణికట్టు తగ్గింది. కానీ ఇప్పుడు ఎడమ భుజం వెనక కమిలింది, కనుబొమ్మ మీద బొప్పి కట్టింది. తలుపు తగిలింది. ఆ డబ్బా అప్పుడే అడుగంటింది, ఇంకోటి పంపు. ఈసారి పెద్దది ఉంటే చూడు.

రాణి గౌనుకి నడుం దగ్గర రహస్యంగా కొక్కేలు పెట్టాను, లావైతే వదులు, సన్నబడితే బిగువు. మీ బావ చూసి, "ఈ ఉపాయం రాజ్యం మొత్తానికి పనికొస్తుంది" అన్నారు. మనిషి ఈ మధ్య కాస్త నీరసంగా ఉంటున్నారు. వెన్నెల ఇంకా కుదరలేదు.

నీ అక్క


మార్చి 10

అక్కా,

పెద్ద డబ్బా పంపుతున్నాను. కానీ నాకు లెక్క కుదరడం లేదు, కోప్పడకుండా విను.

నువ్వు పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేస్తావు. కుర్చీలో కూర్చుని కుట్టే మనిషికి వేలికి సూది గుచ్చుకుంటుంది, మెడ పట్టేస్తుంది. భుజం వెనక కమలడం ఏమిటి? తలుపు తగిలితే ముందువైపు తగులుతుంది. ఒకే తలుపు కనుబొమ్మకీ భుజం వెనక్కీ తగలాలంటే నువ్వు దాని చుట్టూ తిరిగి ఉండాలి.

ఇంకొకటి. ఎవరైనా దగ్గరికి వస్తుంటేనే వెనక్కి జరగాలనిపిస్తుందని రాశావు. పుస్తకంలో ఆ మాట నేను వెయ్యిసార్లు చదివి ఉంటాను. నీ చేతిరాతలో చదివితే మాత్రం నచ్చలేదు. ఎవరు దగ్గరికి వస్తుంటే?

ఊరికే అడుగుతున్నాను. చిన్నప్పుడు నేను గోడ దూకి మోకాలు చీల్చుకుని బల్ల తగిలిందని చెబితే, ఏ బల్లకి మట్టి అంటుకుని ఉంటుందిరా అని పట్టేసింది నువ్వే. ఆ విద్య నీ దగ్గరే నేర్చుకున్నాను.

వివరంగా రాయి.

నీ తమ్ముడు


మార్చి 19

తమ్ముడూ,

నువ్వు మందుల కొట్టు మూసేసి పోలీసు ఉద్యోగంలో చేరు. బాగా రాణిస్తావు.

చెప్పాను కదా, తగిలింది. ఇల్లు చిన్నది, గుడ్డల మూటలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, కాలికి అడ్డం పడతాయి. ఇప్పుడు తుంటి దగ్గర కూడా తగిలింది, నడవడం కష్టంగా ఉంది. నువ్వు అడిగే ప్రశ్నలకు జవాబు రాసే ఓపిక నాకు లేదు. డబ్బాలు రెండు పంపు, చాలు.

ఒక్క మాట జాగ్రత్తగా విను. ఈ దెబ్బల సంగతి ఎవరి దగ్గరా నోరు జారకు. నాటకశాల మేనేజరు బంధువులు మీ వీధిలో ఉన్నారు, నీ కొట్టుకి వస్తూ పోతూ ఉంటారు. అటు తిరిగి ఇటు తిరిగి మాట ఇక్కడికి చేరిందంటే మీ బావ ఉద్యోగానికే ఎసరు వస్తుంది. ఆయన పరువు పోతుంది. నా మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా ఈ సంగతి నీలోనే ఉంచుకో.

మిగతావన్నీ మామూలే.

నీ అక్క


మార్చి 27

అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. రోజూ జవాబు రాయడం, చింపడం. ఈరోజు చింపను.

నీ ఒంటి మీద దెబ్బల సంగతి బయటపడితే బావ ఉద్యోగం ఎందుకు పోతుంది? బావ పరువు ఎందుకు పోతుంది? గుడ్డల మూట అడ్డం పడితే ఎవరి పరువూ పోదు.

అడగడానికి నాకు నోరు రావడం లేదు, అయినా అడుగుతాను. బావ నీ మీద చెయ్యి చేసుకుంటున్నారా?

ఈ ముక్క రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది. నాకు సైకిల్ నేర్పిన మనిషి ఆయన. నాన్న పోయినప్పుడు నన్ను పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్న మనిషి. అలాంటివారు మారరని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ నేను రోజూ బల్ల వెనక కూర్చుని మనుషుల్ని చూస్తాను. తలుపు తగిలిందని చెప్పి ఆర్నికా తీసుకుపోయినవాళ్ళు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. వాళ్ళూ నీలాగే ఎవరికీ చెప్పొద్దన్నారు. వాళ్ళు చెప్పిందే నమ్మినట్టు తలూపి సీసా ఇచ్చాను. నీకు అలా ఇవ్వలేను.

మేడ మీద గది ఖాళీ చేశాను. పాత సీసాల పెట్టెలన్నీ కిందికి దించాను. కిటికీ దగ్గర నీ మిషను పడుతుంది, కొలిచి చూశాను. పొద్దున వెలుతురు బాగా వస్తుంది. ఎందుకొచ్చావని ఒక్క ప్రశ్న అడగను. నేను ప్రశ్నలడగకుండా ఉండడమంటే ఎంత కష్టమో నీకు తెలుసు.

నాది తప్పుడు అనుమానమైతే ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు. హాయిగా పడతాను.

నీకోసం ఎదురుచూసే
తమ్ముడు


ఏప్రిల్ 4

తమ్ముడూ,

నీకు తెలియని సంగతి ఒకటి ముందు చెబుతాను. నీ ఉత్తరాలు నేను చదవను.

పోయిన ఏడాది నుంచి పని ఎక్కువై మిషను మీద నుంచి చేతులు తీసే తీరిక లేదు. అందుకని నీ ఉత్తరం వస్తే మీ బావే ఎదురుగా స్టూలు వేసుకుని గట్టిగా చదివి వినిపిస్తారు. నాటకాలవాళ్ళ మధ్య ఉండి ఉండి ఆయనకూ గొంతు అబ్బింది. నీలాగా ముక్కు ఎగబీల్చి మరీ చదువుతారు. నీ ఉత్తరం వచ్చిన రోజు మాకు పండగే.

ఈ ఉత్తరం కూడా అలాగే మొదలుపెట్టారు. 'అడగడానికి నాకు నోరు రావడం లేదు' దగ్గర నీ గొంతు అనుకరించడం మానేశారు. తర్వాత మాట చదివారు. ఆగలేదు. ఒక్క అక్షరం మింగలేదు. ఆయన తన గొంతుతో, తన గురించి నువ్వు నన్ను అడిగిన ప్రశ్న నన్నడిగారు. నా మిషను ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. చాలు ఆపండి అన్నాను. ఆపలేదు. సైకిల్ చదివారు, మేడ మీద గది చదివారు, కిటికీ కొలిచానన్నది చదివారు, నీ సంతకం దాకా చదివి కాగితం మడిచి నా ఒళ్ళో పెట్టారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ దెబ్బలు నావి కావు. ఆయనవి.

చలికాలం నుంచి ఆయనకు ఉన్నట్టుండి కళ్ళు తిరుగుతున్నాయి. నిచ్చెన మీద తూలి కడ్డీకి మణికట్టు కొట్టుకుంది. తర్వాత కింది మెట్ల మీంచి పడి భుజం, కనుబొమ్మ. తుంటి మాత్రం ఇంట్లోనే, మంచం దిగుతూ పడ్డారు. మేనేజరుకి తెలిస్తే నిచ్చెన ఎక్కనివ్వడు, టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతాడు. "పైన దీపాల మధ్య ఉంటేనే నేను మనిషిని. అక్కడ కూర్చోబెడితే చచ్చినవాడితో సమానం" అని, ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. నీకు కూడా. అందుకే దెబ్బలన్నీ నా ఒంటి మీద వేసుకుని రాశాను. నీ ప్రశ్నలకు జవాబులు కూడా ఆయన్ని చూసి రాసినవే. చెయ్యి వెయ్యనివ్వనిదీ ఆయనే, నాకేం లేదనేదీ ఆయనే.

కాసేపయ్యాక, "వాడికి నిజం రాసెయ్" అన్నారు. మరి నిచ్చెనో అన్నాను. "పోతే పోనీ. వాడి కళ్ళలో నేను అలాంటివాణ్ణి కాకూడదు" అన్నారు. అని లోపలికి వెళ్ళి పడుకున్నారు. అన్నం తినలేదు.

నిన్ను చెడామడా తిడదామని కూర్చున్నాను. ముఖం చెల్లలేదు. తలుపు తగిలిందని రాసింది నేనే కదా.

అక్క


ఏప్రిల్ 11

బావగారికి,

ఈ మొదటి కాగితం మీకు. అక్కకి రాసింది రెండో కాగితంలో ఉంది.

ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. మా అక్క అబద్ధం చెప్పింది నిజమే, కానీ ఆ అబద్ధాన్ని నమ్మి మిమ్మల్ని అనుమానించింది నేను. మీరెలాంటివారో తెలిసి కూడా అనుమానించాను. అదీ మీ చేతే చదివించాను. ఆ సంగతి తలుచుకుంటే కొట్లో కూర్చోలేక వీధిలోకి వెళ్ళి నిలబడుతున్నాను. చిన్నవాణ్ణి, తప్పయిపోయింది, క్షమించండి. నాన్న తర్వాత నాకు ఇంట్లో పెద్దవాళ్ళంటే మీరే. మీరు నాతో మాట్లాడడం మానేస్తే నేను తట్టుకోలేను. ఒక్క ముక్క రాయండి, తిడుతూ అయినా సరే.

మీ బావమరిది


అక్కా,

ఇక నీకు. ఇన్నాళ్ళూ నువ్వు అడిగింది దెబ్బకి మందు. పడ్డాక అది. పడకుండా ఉండడానికి నా కొట్లో మందు లేదు, ఆ కొండల పువ్వులోనూ లేదు. ముందు ఎందుకు పడుతున్నారో తేలాలి. బావని అడిగి వీటికి జవాబులు రాయి, ఈసారి ఎవరివి వాళ్ళ పేరు మీదే రాయి.

కళ్ళు తిరగడం ఎప్పుడు వస్తోంది? తల పైకెత్తి చూసినప్పుడా? మంచం మీద ఒక పక్కకు తిరిగినప్పుడా? ఎంతసేపు ఉంటోంది? చెవిలో హోరు ఉందా? మాట తడబడడం, చెయ్యి తిమ్మిరెక్కడం, స్పృహ తప్పడం లాంటివి ఉన్నాయా? ఉంటే ఈ ఉత్తరం అక్కడే పడేసి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళు. అలాంటివేమీ లేకపోయినా మంచి చెవి డాక్టరుకి చూపించు. నవ్వకు, చెవికీ తూలడానికీ సంబంధం ఉంది.

అప్పటిదాకా నిచ్చెన వద్దు. ఆయన కాళ్ళు పట్టుకుని అయినా ఆపు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

నీ ప్రశ్నలకు జవాబులు. తల ఎత్తి పైకి చూస్తే వస్తుంది. మంచం మీద కుడి పక్కకు తిరిగితే గది మొత్తం గిర్రున తిరుగుతుందట, కాసేపటికి దానంతట అదే ఆగిపోతుందట. చెవిలో హోరు లేదు. మాట తడబడడం, తిమ్మిరి, స్పృహ తప్పడం ఏవీ లేవు. ఇవన్నీ చెప్పడానికి నీళ్ళు నమిలారు. చివరికి నేను రాణి గౌనులో ఒక సూది తీసి చూపించాక చెప్పారు.

చెవి డాక్టరు దగ్గరికి మాత్రం రానంటున్నారు. డాక్టరు కాగితం రాస్తాడు, ఆ కాగితం మేనేజరుకి చేరుతుంది, అంతే సంగతులు అని ఆయన భయం. నిజం నీకు చెప్పించారు కానీ నిచ్చెన ఎక్కడం మానలేదు. నేను రోజూ గుడ్డలిచ్చే వంకతో నాటకశాలకి వెళ్ళి నిచ్చెన కింద నిలబడుతున్నాను. పైనుంచి మనిషి పడితే పట్టుకుంటానా ఏమన్నానా? అయినా నిలబడుతున్నాను. ప్రదర్శన దగ్గరపడింది, వెన్నెల ఇంకా కుదరలేదు, ఆయన అలా పైకి చూస్తున్నంతసేపూ నా ప్రాణం నా చేతుల్లో ఉండదు.

ఒక సంగతి మనసులో పెట్టుకోలేను, చెప్పేస్తాను. నీ ఉత్తరంలో అన్ని ప్రశ్నలు రాశావు, ఆయన చెవి గురించి రాశావు, మాట గురించి రాశావు. ఆయన్ని అనుమానించినందుకు ఒక్క మాట రాయలేకపోయావా? ఆయన చదువుతుంటే చివరి దాకా ఎదురుచూశాను. ఆయన మామూలుగానే ఉన్నారు. నాకే సిగ్గేసింది. చిన్నప్పటినుంచి నీ తరఫున అందరికీ సారీలు చెప్పి చెప్పి నిన్ను నేనే చెడగొట్టాను.

అక్క


ఏప్రిల్ 28

అక్కా,

నేను రాయకపోవడమేమిటి? ఉత్తరంలో మొదటి కాగితం మొత్తం అదే కదా. బావగారికి అని పైన రాసి, తప్పయిపోయింది, క్షమించండి అని, ఒక్క ముక్క జవాబు రాయమని కూడా అడిగాను. రెండో కాగితం నీది. కవరులో రెండూ కలిపి నేనే పెట్టాను, నా కళ్ళారా చూశాను.

నువ్వు వినలేదంటే ఆయన దాన్ని చదవలేదన్నమాట. అంటే అంత కోపంగా ఉన్నారన్నమాట. మామూలుగా ఉన్నారని నువ్వు రాస్తున్నావు, ఆయన దేనికైనా నాకేం లేదనే అంటారని చలికాలం నుంచి చూస్తూనే ఉన్నాం కదా. మొన్న రాత్రి నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. ప్రతిదాంట్లో ఆయన ఏదో ఒకటి అని నవ్వించారు. ఈ మధ్య వచ్చినవాటిలో ఆ మాటలే లేవు.

క్షమించకపోతే మానె. కానీ ఆ నిచ్చెన దిగాలి. అందుకే చెబుతున్నాను, ఇక ఆర్నికా పంపను. గుళిక కాదు కదా, ఖాళీ డబ్బా కూడా పంపను. నాన్న నియమం ఇప్పటినుంచి మళ్ళీ అమల్లోకి వచ్చింది, జవాబు రాకుండా సీసా కదలదు. నాకు కావాల్సిన జవాబు చెవి డాక్టరు దగ్గరినుంచి రావాలి. బావా, ఈ ముక్క మీరే చదువుతుంటారు కాబట్టి మీకే చెబుతున్నాను. నా మీద కోపం నా మీదే తీర్చుకోండి. అక్కని ఆ నిచ్చెన కింద నిలబెట్టకండి.

తమ్ముడు




మే 12

తమ్ముడూ,

ముందు కుర్చీలో కూర్చో. అన్నీ మంచి కబుర్లే, అయినా కూర్చో.

నీ ఉత్తరం ఎప్పటిలాగే స్టూలు వేసుకుని మొదలుపెట్టారు. 'మొదటి కాగితం మొత్తం అదే కదా' అన్న దగ్గర మనిషి తడబడ్డారు. నన్ను కొడుతున్నారా అని నువ్వు రాసిన ఉత్తరం తడుముకోకుండా చదివిన మనిషి, ఇక్కడ గొంతు సవరించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, రాత అర్థం కావడం లేదన్నారు. నీ రాత అర్థం కాకపోవడం ఆయనకు ఇదే మొదలు. నేను మిషను ఆపి చెయ్యి చాపాను. దీపాల పనిముట్లు పెట్టుకునే రేకు పెట్టె తెరిచి, అడుగు నుంచి ఆ కాగితం తీసి ఇచ్చారు. వేడి దీపాలను పట్టుకోవడానికి వాడే గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు.

చదివాను. చాలా రోజుల తర్వాత నీ ఉత్తరం నా కళ్ళతో నేను చదువుకున్నాను.

తర్వాత పట్టుకున్నాను. "వాడు నిందలేసినప్పుడు ఒక్క అక్షరం వదలకుండా నాకు వినిపించారు. వాడు తప్పయిందంటే దాచేశారు. ఇదెక్కడి న్యాయం?" అని అడిగాను.

ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "అనుమానపడ్డ ఉత్తరం నీది. నీకోసం గది ఖాళీ చేసి, కిటికీ కొలిచి పెట్టుకున్న మనిషి ఒకడున్నాడని నువ్వు వినాలి. అందులో నా గురించి ఏముంటే నాకేం? క్షమించమన్నది నాకు రాసుకున్నాడు. దాన్ని గట్టిగా చదివితే వాడు చిన్నబోయినట్టుంటుంది. వాడు నీ ముందు కూడా చిన్నబోకూడదు."

నేను ఏడ్చాను. దాచడం ఎందుకు, గౌను మీద పడకుండా పక్కకు తిరిగి ఏడ్చాను. ఆయన కంగారు పడిపోయి, నేను ఏం చెబితే అది చేస్తానన్నారు. అవకాశం వదులుతానా? పదండి చెవి డాక్టరు దగ్గరికి అన్నాను.

డాక్టరమ్మ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, తల బల్ల అంచు నుంచి కిందికి వేలాడేలా పెట్టి, ఒక పక్కకు తిప్పింది. గది తిరుగుతోంది అని ఈయన బల్ల పట్టుకున్నారు. ఆగేదాకా ఉంచి, రెండో పక్కకు తిప్పింది, ఒళ్ళంతా అటు దొర్లించింది, లేపి కూర్చోబెట్టింది. అంతే. చెవి లోపల సన్నటి రేణువులుంటాయట, అవి ఉండాల్సిన చోటు నుంచి జారి పక్క గొట్టంలో పడ్డాయట. తల పైకెత్తినప్పుడల్లా అవి కదిలి కళ్ళు తిరుగుతున్నాయట. మళ్ళీ వాటి ఇంటికి వాటిని పంపడమే వైద్యం. మందు లేదు, గుళిక లేదు, కాఫీ మానమనలేదు. ఆ చివరి మాటకి మీ బావ ఆమెకి దణ్ణం పెట్టబోయారు. వారం తర్వాత మళ్ళీ రమ్మని, అప్పటిదాకా నిచ్చెన ఎక్కొద్దంది.

మేనేజరుకి ఆయనే వెళ్ళి చెప్పారు. మేనేజరు కేకలేశాడట, ఇన్నాళ్ళూ చెప్పకుండా పైకెక్కినందుకు. తర్వాత కుర్చీ తెప్పించి వేదిక ముందు కింద వేయించాడు. ఆ వారం మీ బావ కింద కూర్చుని చెబుతుంటే మిగతావాళ్ళు పైన దీపాలు జరిపారు. కింద నుంచి చూస్తేనే వెన్నెల ఎక్కడ తప్పుతోందో తెలిసిందట. రెండోసారి చూపించాం, తల ఎటు తిప్పినా గది కదల్లేదు. నిన్న నిచ్చెన ఎక్కారు. నేను కింద నిలబడలేదు. ఇంట్లోనే కూర్చుని గౌనుకి చివరి కొక్కెం కుట్టాను. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది, అది వేరే సంగతి.

ఆ కాగితం మాత్రం తిరిగి తీసుకుని మళ్ళీ పెట్టెలోనే పెట్టుకున్నారు. నాది కాదట.

ఇప్పుడు ఇంట్లో దెబ్బలు తగిలినవాళ్ళెవరూ లేరు. అయినా ఆయింట్‌మెంట్ ఒక డబ్బా పంపు. ఇన్ని వారాలు రోజూ పనినుంచి రాగానే చొక్కా భుజం దించి స్టూలు మీద కూర్చోవడం, నేను రాస్తుంటే ఆ రోజు సంగతులన్నీ చెప్పడం ఆయనకు అలవాటైపోయింది. దెబ్బ తగ్గిపోయిందని నిన్న వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియక గదిలో నిలబడ్డారు. చూడలేకపోయాను. ప్రశ్నలు అడగకుండా పంపు.

నీ అక్క

గుళికల డాక్టరుకి,
ఒక్క ముక్క రాయమన్నావు, ఇదిగో. ఆ మేడ మీద గది అలాగే ఉంచు, సీసాల పెట్టెలు మళ్ళీ ఎక్కించకు. మీ అక్కకి అలాంటి గది ఒకటి ఉందని నేను గుర్తుంచుకోవడం నాకే మంచిది. నాటకం అయిపోగానే ఇద్దరం వస్తాం. నీ పై అర దీపాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు, నేనొచ్చి బిగిస్తాను. నిచ్చెన ఎక్కేది నేను. కింద నిలబడి పట్టుకోవాల్సింది నువ్వు.
బావ